ఎనిమిది కాదులు

తెల్లవారుజామున మూడింటికి
యానాంలో మా జిరాక్సు కొట్టు లైటు వెలుగుతుంటే
గస్తీ కానిస్టేబులు షట్టరు కింద వంగి చూశాడు.
"లండన్లో ఓట్లు లెక్కపెడుతున్నారండీ" అన్నాను.
"అక్కడ మనవాళ్ళెవరు నిలబడ్డారు?"

ఎవరూ నిలబడలేదు.
లూర్దమ్మత్త మాత్రం కూర్చుంది,
ప్లాస్టిక్ కుర్చీలో, మార్చి ఉక్కలో,
అలవాటు చావక స్వెట్టరు వేసుకుని.
ఇరవైమూడేళ్ళు సౌతాంప్టన్ ఆసుపత్రి లాండ్రీలో
పరాయి జ్వరాల దుప్పట్లు ఉతికిన చేతులు
ఒళ్ళో మడతపెట్టి ఉన్నాయి.
మా నాన్న ఏడాది ప్రార్థనకని వచ్చింది.
అక్కడ గది అద్దె ఇంకా కడుతూనే ఉంది.

ఒప్పందంతో వెళ్ళడం.
ఒప్పందం లేకుండా వెళ్ళడం.
సంతలో ఉండి సంఘంలో లేకపోవడం.
మళ్ళీ జనాన్నే అడగడం. అసలు వెళ్ళకపోవడం.
ఇంకా ఏవో. నాకు నోరు తిరగలేదు.
ఎనిమిది దారులు బల్లమీద పరిచి
ఎనిమిదింటికీ కాదన్నారు పెద్దమనుషులు.

"మా నాన్నకి రెండే దారులు" అంది అత్త.
"ఆర్నెల్లు గడువు."

అరవైరెండులో తాత ఫ్రాన్సు వైపు సంతకం పెట్టాడు.
పద్దెనిమిది నిండని పిల్లలు తండ్రి వెంట.
నాలుగేళ్ళ అత్త తాత చంకలోంచి దిగకుండానే ఫ్రెంచిదైంది.
పద్దెనిమిది నిండి మూడు వారాలైన మా నాన్న
ఎటూ సంతకం పెట్టకుండా ఇటు మిగిలిపోయాడు.
ఒకే దాకలో కొరమీను పులుసు,
తినేవాళ్ళవి రెండు దేశాలు.
ముల్లు మాత్రం అందరి గొంతులోనూ ఒకేలా దిగేది.

అసలు ఓటు నాడు
అత్త పక్కన ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే
ముమ్మిడివరం పిల్ల రత్నమాణిక్యం,
వెళ్ళి మూడేళ్ళు కాలేదు, చేతిలో భారత పాసుపోర్టు,
మధ్యాహ్నం వెళ్ళి ఓటేసి వచ్చింది.
కామన్వెల్తట.
ఇరవయ్యేళ్ళు పన్ను కట్టిన అత్తకు చీటీ లేదు.
ఐరోపాదట.
"ఎటేశావే?" అంటే
"వెళ్ళిపోదామనే వేశానక్కా, ఏమనుకోకు,
మనవాళ్ళకి వీసాలు పెంచుతారంటగా" అందట.
ఇది చెప్పి అత్త నవ్వినప్పుడు
మా పాత ఫ్యాను కూడా గిలక శబ్దం ఆపినట్టనిపించింది.
"అన్నయ్య పాసుపోర్టు నాకుంటే
నా గురించి నేనే ఓటేసుకునేదాన్ని."

గీతలంటే మాకు వేళాకోళం.
మెట్టకూరు దాటి నాలుగడుగులేస్తే పెట్రోలు ధర మారుతుంది.
సీసా చంకలో ఉన్నవాడికి చెక్‌పోస్టు,
గేదెకి లేదు.
ఐర్లాండులో ఆ గీత ఎక్కడ గీయాలో తెలీక
ఒక ప్రభుత్వమే చతికిలబడిందంటే
"మన ఎక్సైజు ఎస్సైని పంపండి,
ఎంతిస్తే ఎక్కడ చెరుపుతాడో సాయంత్రానికల్లా చెప్తాడు" అంది.
కాసేపాగి,
"అక్కడ చాలామంది చచ్చిపోయారు లేవే, ఆ గీత మీద" అంది.

గౌతమి అవతల లంకలో
మా తాత పొలానికి సర్వే నంబరు ఇంకా ఉంది,
పొలం లేదు.
ఏ వరదకో కోసుకుపోయి కింద ఎక్కడో మేటవేసింది.
అక్కడెవరో దోసపాదులు పెట్టారట,
కాయలు బాగుంటాయట.
మేం కొనుక్కుని తింటాం.

ఏప్రిల్లో ఫోనులో యాప్ తెరిచాం.
నువ్వు అక్కడే బతికావని రుజువు చెయ్యి, అంది.
అత్త ముఖాన్ని మూడుసార్లు పోల్చుకోలేకపోయింది.
నాలుగోసారి స్వెట్టరు విప్పించి
వీధిలోకి తీసుకెళ్ళి, ఎండకేసి తిప్పి నిలబెట్టాను.
జీతం కాగితాలు, అద్దె రసీదులు, కరెంటు బిల్లులు.
ఒక మనిషి బతుకు అట్ట పెట్టె నిండా వచ్చింది.

అడుగున తాత కాగితం.
ఎవరూ అడగలేదు. "తియ్యి, ఎందుకైనా మంచిది" అంది.
గాజు కింద వెలుగు మెల్లగా పాకింది.
వేడి కాపీ చేతిలోకొచ్చాక చూశాం,
సంతకం పక్కనే కొట్టేసిన ఇంకో సంతకం.
అసలులో అది మరకలా ఉండేది,
నకలులో నల్లగా లేచింది.

అత్త కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
చాలాసేపు చూసింది.
"కలం సాగలేదేమోలే" అంది.
"రెండు కాపీలు తియ్యి."